సాయిలన్న మట్టి బండి ఆట

నవ్వకు బిడ్డా. నీ రూముల ఉండే పిల్ల ఆడుకుంటె ఆడుకోనీ. ఆఫీసోళ్లిచ్చిన కొత్త ల్యాప్‌టాప్ బ్యాగుల పెట్టి, గా మూత కదిలిపోయిన పాతదాన్ల, మనిషి మొహమంటె నాలుగు సుక్కలే కనపడే ఆట ఆడుతదని గదా నీ పరేషాన్? ఆడనీ. గిసుంటోళ్లను నేను చూసిన. మా ఇంట్లనే చూసిన. జర గా చిక్కుడుకాయల గిన్నె ఇటు జరుపు, నువ్వు కూడ నాలుగు కాయలు నార తియ్యి, చెప్త. మా అన్న సాయిలు ఉండె. నువ్వు చూడలే, నువ్వు ఈ నిజాంపేటకు రాకముందే, చానేండ్ల కిందనే పోయిండు. గిదే కింది వాటాల ఉండె, పెండ్లాం లచ్చమ్మ, బిడ్డ వసంత. మాది నర్సాపూర్ అవుతల. అన్న మొదలు బాలానగర్‌ల ఒక ఫ్యాక్టరీల హెల్పర్‌గ చేరిండు. షెడ్డు కింద నిలవడుడు ఆయనకు వశం కాలే. జేసీబీ నేర్చుకున్నడు. ఇగ ఆ బండి ఎక్కినంక దిగలే. మాదాపూర్ దిక్కు గుట్టలు కొట్టుడు మొదలుపెట్టినప్పుడు ఈయన ఆడనే ఉన్నడు. గిప్పుడు మీరు లిఫ్టుల పైకి పోతరు గదా, ఆ బిల్డింగుల కింద బండ్లు పెట్టే సెల్లార్లు ఉన్నయ్ చూడు, గవి ఎవలో తవ్వితెనే అయినయ్. బస్సుల పోతుంటె కిటికీలకెల్లి చూపెట్టేటోడు, 'ఇది నాది, గది నాది, గా అద్దాలది సగం నాది' అని. మా వదినె ఊకుంటదా? 'అవు మరి, గేటు మీద నీ పేరు రాసిన్రు, దిగి చదువుకో పో' అనేది. బస్సుల ఉన్నోళ్లు నవ్వేటోళ్లు. ఆయన కూడ నవ్వేటోడు. మనిషికి కోపమనేది తక్వ.

గచ్చిబౌలి కాడ ఒక సెల్లార్ తవ్వుతున్నరు. వానలు పడ్డయ్. పక్కన మట్టి గోడ నెర్రెలు పట్టిందా ఏందని చూద్దామని బండి దిగి పోయిండు. గోడ జారింది. బండిలనే కూసుంటె ఏం కాకపోవు, దిగిండు గదా. అందరు కలిసి మట్టి తీసి బయటికి గుంజిన్రు. దవాఖానల నెలలకు నెలలు ఉన్నడు. పానం దక్కింది, నడుము కింద సోయి లేకుండ పోయింది. ఎడమ చెయ్యి సగమే లేస్తది. కుడి చెయ్యి మంచిగుండె. ఇంటికి తెచ్చి మంచం మీద పండవెట్టినం. నువ్వనుకుంటవ్, మనిషి ఏడ్చిండని. ఏడ్వలే. ఆయనకు కష్టమైంది ఏందంటె, అడుగుడు. నీళ్లు కావాలన్నా అడగాలె, దోమ వాలితె అడగాలె, పక్కకు ఒరగాలంటె అడగాలె. ఇగ అడుగుడే తక్వ చేసిండు. నోరు పిడచకట్టుకపోయినా పిలవకపోయేటోడు. వదినె ఒక ఆఫీసుల హౌస్‌కీపింగ్ పనికి పోయేది, నేను పైనకెల్లి దిగి చూసి 'ఏమన్న గావాల్నా అన్నా' అంటె, 'ఏం వద్దు చెల్లే, పో, నీ పని చూసుకో' అనేటోడు. పెదవులు పగిలి ఉండేటియి. గట్ల చానా దినాలు గడిచినయ్. టీవీ పెడితె చూసేటోడు, తీస్తె ఊకునేటోడు. ఏది పెట్టినా ఒకటే.

ఆ కంప్యూటర్ ఎట్లొచ్చిందంటె, వసంత డిగ్రీ చేసి ఒక కంపెనీల కుదిరింది. ఎవలి కంప్యూటరన్న ఖరాబైతె ఫోన్ల చెప్పే పని. వాళ్ల ఆఫీసుల పాతయి తీసి పారేస్తుంటె, ఇంట్ల నేర్చుకోవచ్చని ఒకటి అడిగి తెచ్చుకున్నది. గంత లావు టీవీ లెక్కుండె, ఎనకకు మూరెడు. పైన నడిమి వాటాల దేవరాజు అని తెనాలి దిక్కు ఆయన కిరాయికుండె. సాఫ్ట్‌వేర్ పని. ఆయన భార్య గ్రేసు నర్సు. మా అన్నకు సూది మందు గిట్ల ఆమెనే ఇచ్చేది, మంచి మనుషులు. గా దేవరాజు వచ్చి కంప్యూటర్ సరిచేసిండు. చేసి, వసంతకని ఒక పాత ఆట అండ్ల పెట్టిండు. తెర నిండ ఎర్ర మట్టి. అండ్ల ఒక బుడ్డ బండి. బాణాలు నొక్కితె అటు ఇటు పోతది, పోయిన కాడల్ల మట్టి తవ్వుకుంట పోతది. మధ్య మధ్యల రాళ్లు. రాయి కింద మట్టి తీసినవనుకో, రాయి మీద పడ్తది, బండి ఖతం. మట్టిల ఉండే మూటలన్ని ఏరుకోని మూల మీద తలుపు కాడికి చేరాలె, చేరితె ఇంకో తెర. గంతే. పాట లేదు, మాట లేదు, కుయ్ కుయ్ మని చప్పుడు. వసంత ఆడుతుంటె మా అన్న మంచం మీదకెల్లి తల ఎత్తి చూసిండు. ఎన్ని దినాలకో తానంతట తాను ఒక మాట అడిగిండు. 'గదేం బండి బిడ్డా?' అని. పిల్ల తెలివిగల్లది. ఇగ వేరే మాట చెప్పలే. కీబోర్డు తీస్కపోయి ఒక చెక్క మీద పెట్టి, ఆ చెక్క ఆయన కడుపు మీద పెట్టింది.

మా వదినె చూసి గుండె బాదుకున్నది. 'మట్టి పడే గదా నడుము పోయింది, మల్ల గా మట్టి ఆటనే పెట్టినవా తండ్రికి? నీకేమన్న బుద్ధి ఉన్నదా?' అని బిడ్డ మీదికి లేసింది. అన్న తెర మీదకెల్లి కన్ను తియ్యకుండనే అన్నడు, 'ఈ ఆటల పడితె మల్ల లేస్తడే లచ్చమ్మా.' ఆమె వంటింట్లకు పోయింది. కొన్నొద్దులకు దేవరాజు ఇంకో పని చేసిండు. స్విచ్చు వైరు మంచం కాడికి గుంజిండు, అన్న కుడి చెయ్యికి అందేటట్టు. 'సాయిలు గారూ, మీరు స్విచ్ వేస్తే చాలండి, ఇంకేమీ అడగదు, సరాసరి ఆటే వస్తుంది' అన్నడు. నిజంగనే గట్లనే వచ్చేది. డబ్బా గుర్రుమనేది, తెర నల్లగైతది, ఇగ ఎర్ర మట్టి. పొద్దుగాల మొహం కడిగి చాయ్ తాపిచ్చి అందరు పనులకు పోతె, ఈయన స్విచ్చు వేసేటోడు. బువ్వ యాళ్లకు బంద్ పెట్టేటోడు. పాత దోస్తులు, డ్రైవర్లు ఆదివారం చూడనీకొస్తె మొదలు మొదలు 'ఎట్లున్నవ్ సాయిలన్నా' అని మెల్లగ, దవాఖానల మాట్లాడినట్టు మాట్లాడేటోళ్లు. తర్వాత తర్వాత 'అరె, ఎడమ దిక్కు తవ్వు, అటు కాదు, నీకు బండి ఎవలు నేర్పిన్రే' అని ఒర్లేటోళ్లు. ఇంట్ల మల్ల మనుషుల అలికిడి వచ్చింది. నీళ్లు కూడ అడుగుడు మొదలుపెట్టిండు, ఎందుకో మరి.

తర్వాత వసంతకు ప్రమోషన్ వచ్చింది. పిల్లకు మనసుల ఉండె, నాయిన గా కుయ్ కుయ్ డబ్బాతోని ఎన్నొద్దులు అని. ఒక దినం కొత్తది తెచ్చింది. పలకలాగ పల్చగ తెర, కింద రంగురంగుల లైట్లు. అండ్ల నిజం జేసీబీ లెక్క ఉండే ఆట. దుమ్ము లేస్తది, చప్పుడు నిజం చప్పుడే, బకెట్‌కుండే ఇనుప పండ్లు కూడ కనపడ్తయ్. పాతదాన్ని అదే దినం పాత సామాన్ల బండోనికి ఇచ్చేసింది, జాగ లేదు గదా. అన్న చూసిండు. 'మస్తున్నది బిడ్డా' అన్నడు. పిల్ల సంబురపడ్డది. మూడొద్దులు ఆడినట్టు చేసిండు. ఇగ మొహం గోడ దిక్కు తిప్పుకోని పండుకున్నడు. బువ్వ తక్వ తింటుండు. మల్ల పెదవులు పగిలినయ్. గ్రేసు వచ్చి బీపీ చూసింది, జ్వరం చూసింది, 'ఒంట్లో ఏమీ లేదండి, మనసులోనే ఏదో ఉంది' అన్నది. వసంతకు బాధైంది, కోపం కూడ వచ్చింది. ఆఫీసుకెల్లి వచ్చి బ్యాగు కూడ దించకుండ అడిగింది, నేను ఆడనే ఉన్న. 'ఏంది బాపు, ఇంత మంచిది తెస్తె నీకు నచ్చలేదా? చెప్పు మరి, ఏం తక్వ అయిందో.' ఆయన మొహం ఇటు తిప్పిండు. తర్వాత, కోపం లేదు ఏం లేదు, మామూలుగనే చెప్పిండు. 'బిడ్డా, స్విచ్చేస్తె నీ పేరేందంటది. గుర్తు మాట కొట్టమంటది. కొడితె, ఏదో కొత్తది వచ్చింది ఆగుమంటది. ఇంగ్లీషుల ఏదో అడుగుతది, అవునన్నాల్నో కాదన్నాల్నో నాకు తెల్వది. నెట్టు పోయిందంటది. ప్రతి దానికి మీ అమ్మను పిలవాలె, మీ అమ్మకు తెల్వకపోతె నీకు ఫోన్ చెయ్యాలె. నేను తాగనీకి పిలుస్త, ఒరగనీకి పిలుస్త, దొడ్డికి పిలుస్త. ఎవలను పిలవకుండ చేసుకునేది అదొక్కటే ఉండె.' వసంత బ్యాగు అట్లనే పట్టుకోని నిలవడ్డది.

మరునాడు ఆఫీసుకు పోలే. నన్ను తోలుకోని బాలానగర్ పోయింది. పాత సామాన్ల దుకాండ్లు మొత్తం తిరిగినం. ఏ దుకాణం చూసినా గుట్టలు గుట్టలు కంప్యూటర్లు, తోలు తీసిన కోళ్ల లెక్క. మాది దొరికింది. వసంత దాని మీద ఒక పువ్వు స్టిక్కర్ అంటించి ఉండె, గట్ల పట్టినం. లోపలి సామానంత పీకేసి, ఉత్త డబ్బా మిగిలింది. సాయంత్రం దేవరాజుకు చెప్పినం. ఆయన ముందు కొత్తదాన్లనే ఆ ఆట పెట్టి చూసిండు. పెడితె ఏమైందనుకున్నవ్? కొత్తది గంత జోరుది గదా, బుడ్డ బండి ఇటు నొక్కంగనే అటు గోడకు పోయి తాకింది, రాళ్లు కంటికి కనపడకముందే పడుతున్నయ్. 'నెమ్మది చెయ్యొచ్చు గానండి, దానికి ముందు వేరే ప్రోగ్రాములు రెండు మూడు తెరవాలి, రోజూ ఎవరో ఒకరు ఉండాలి' అన్నడు. మా వసంత తల అడ్డం ఊపింది. అప్పుడు దేవరాజు తన ఇంట్లకు పోయి ఇంకో పాత కంప్యూటర్ మోసుకొచ్చిండు. గ్రేసు ఎనకనే వచ్చి, 'పోన్లెండి, దాని ముందునుంచి లేస్తారు ఇప్పుడైనా' అని నవ్వింది. అది ఆయన సొంతది. ఆయన కూడ ఇంట్ల దాన్లనే ఆడుకునేటోడంట. నేను ఊకుంటనా, అడిగిన, 'గంత పెద్ద ఇంజనీరువు, నీకేం కర్మయ్యా ఇది' అని. ఏమన్నడంటె, 'ఈశ్వరమ్మ గారూ, ఆఫీసులో ఇవాళ నేర్చుకున్నది ఆర్నెల్లకు పనికిరాకుండా పోతుందండి. మళ్ళీ కొత్తవాడిలా కూర్చోవాలి. ఈ ఆటలో నేను ఇంటర్ చదివేటప్పుడు నేర్చుకున్నది ఇవాళ్టికీ పనికొస్తుంది.' గా మాట నాకిప్పటికి యాదికున్నది. మరి మీరిద్దరు ఆఫీసుల ఎట్లుంటరో నాకు తెల్వది, నీ రూముల పిల్లను అడిగి చూడు.

మల్ల స్విచ్చు, మల్ల ఎర్ర మట్టి. చానేండ్లు నడిచింది బిడ్డా. మొత్తం తెరలు దాటి, మల్ల మొదటి నుంచి, మల్ల. ఆఖరుకు ఆ కుడి చెయ్యి కూడ బలం తగ్గింది. వేళ్లు వణుకుడు. ఒక పొద్దు బాణం నొక్కబోయి నొక్కలేకపోయిండు. మేమంత బుగులుపడ్డం, మల్ల గోడ దిక్కు తిరుగుతడని. తిరగలే. బిడ్డను పిలిచిండు. పిలిచిండు, ఆయనే. 'వసంతా, జర వచ్చి కూసో, నేను చెప్త, నువ్వు నొక్కు.' అప్పటిసంది రోజు పొద్దుగాల ఆఫీసుకు పోకముందు ఆమె మంచం అంచు మీద కూసునేది, ఆయన ఆమె ఎడమ దిక్కు. 'పైకి. పైకి. ఆగు. రాయి పడనీ. ఇప్పుడు.' ఆమెకు ఆట రాదు. ఆగుమంటె ఆగది. వదినెతోని గుసగుసగ చెప్పిండంట, 'దానికి జల్మల రాదు లచ్చమ్మా, కానీ చెప్పకు, మల్ల నా కాడ కూసోనీకి రాకుంట పోతది.' ఒక తెర ఉండె, పైన మొత్తం రాళ్లే, మధ్యల సన్న సందు. గది ఇద్దరు కలిసి దాటలేకపోయిన్రు. రోజు ఆడనే రాయి పడేది, రోజు 'మల్ల చూద్దాం తియ్యి, నీకు యాళ్లైతది' అనేటోడు. చలికాలం నిద్దట్లనే పోయిండు. నొప్పి గిప్పి ఏం లేదు.

వసంత తర్వాత లగ్గం చేసుకున్నది, కూకట్‌పల్లిల ఫ్లాటు, ఆఫీసుల పెద్ద పోస్టు. ఆ డబ్బా తీస్కపోయింది. ఆమె మొగడు భాస్కర్ మంచోడు, ఏమనలే, మూలకు ఒక బల్ల చూపెట్టిండు. ఆదివారం ఆదివారం కూసునేదంట. నేను ఒకసారి పోయిన, పండుగ లేదు ఏం లేదు, ఊకనే చూడనీకి. వంటింట్ల చాయ్ పెట్టి వచ్చి నాతోని మాట్లాడుకుంటనే ఆడుతున్నది. అదే తెర. పైన రాళ్లు, సన్న సందు. మాట్లాడుడు బంద్ చేసింది. ఆగింది. రాయి పడనిచ్చింది. ఆగింది. ఇగ సందుల దూరి అవుతలికి ఎల్లిపోయింది. తలుపు తెరుచుకున్నది, కుయ్యిమన్నది. పిల్ల ఎంబడే ఎడమ దిక్కు తిరిగి, మొహం నిండ నవ్వుతోని, 'బాపు' అన్నది. ఆ దిక్కు సోఫా ఉన్నది. సోఫాల ఇస్త్రీ బట్టలున్నయ్.

...

గా కాయ ముదిరింది, నార ఇడువది, పక్కకెయ్యి. గేటు ఎవలో కొడుతున్నరు, జర చూసిరా పో బిడ్డా.