మోకాలెత్తున గీత

ఆగాగు, తాళం అప్పుడే తీయకు. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. ఏమయ్యా బ్రోకరూ, నువ్వు వెళ్ళి ఆ మూల మీద టీ తాగి రా బాబూ. ఒంటికి అంత సెంటు కొట్టుకొచ్చి గోడౌను చూపిస్తానంటే ఎలా, నీ సెంటు వాసన చూసి మా అమ్మాయి సంతకం పెట్టాలా? వెళ్ళు, వెళ్ళు, ఓ అరగంట పోయాక రా. ఆఁ, వెళ్ళాడు. విన్నావుగా వాడన్న మాట? "పెద్దాయన వచ్చారంటే మాకు భయమేనండీ, ఆయన ముక్కు ముందు ఏదీ దాగదండీ." నలభయ్యేళ్ళుగా వింటున్నా ఈ మాట. ఇలా ఈ మెట్టు మీద కూర్చో కాసేపు, షట్టరు ఎక్కడికీ పారిపోదు. నాకూ మోకాళ్ళు పట్టేశాయి. సాయంత్రం నాలుగింటికి కదా నీ సంతకం? నీ గుడ్డ బొమ్మలన్నీ పెట్టెల్లో కట్టి ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేకుండా చేశావట, మీ అమ్మ చెప్పింది. గుడ్డ కూడా కాగితంలాంటిదే తల్లీ, చెమ్మ తగిలిందంటే ఇంక అంతే సంగతులు. నన్ను సాక్షి సంతకం పెట్టమన్నావు. పెడతాలే, పెట్టనని కాదు. పెట్టేముందు నీకో సంగతి చెప్పాలి. మీ అమ్మకి చెబుదామని చెప్పలేకపోయాను, మీ అమ్మమ్మకి అసలే చెప్పలేకపోయాను.

మీ తాతయ్య సంగతి. నువ్వు చూడలేదులే, నువ్వు పుట్టడానికి ఎంతో ముందే పోయాడు. ఫోటోలో చూసుంటావు, ఆ ముక్కు చూశావా? మొహంలో సగం అదే. బజారంతా ఆయన్ని ముక్కుగారు అనేది. వెనకాల కాదు, మొహమ్మీదే. ఆయనా నవ్వుతూ పలికేవాడు. ఎవరైనా గోడౌను అద్దెకు తీసుకోవాలంటే ముందు ముక్కుగారు చూసి ఊఁ అనాలి. ఆయనది నోటుపుస్తకాల వ్యాపారం, చెమ్మంటే ప్రాణభయం కదా, అలా అబ్బింది ఆ విద్య. ఎలా చూసేవాడనుకున్నావు? తాళం తీయగానే గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకునేవాడు. "మూసిపెట్టిన గాలి మొదటిసారి బయటికొస్తుందే, అదొక్కటే నిజం చెబుతుంది తమ్ముడూ, వీధి గాలి కలిసిందంటే అదీ అబద్ధాలు నేర్చుకుంటుంది" అనేవాడు. తర్వాత లోపలికి వెళ్ళి షట్టరు దింపించి, నడిమధ్య చీకట్లో నిలబడి పైకి చూసేవాడు. రేకుల్లో సూది మొనంత బెజ్జమున్నా వెలుగు పట్టిచ్చేస్తుంది. ఆ తర్వాత చెంబుడు నీళ్ళు నేల మీద ఒంపి, అవి ఎటు పోతున్నాయో చూస్తూ గొంతుక్కూర్చునేవాడు. ఎంతసేపూ! పక్కన యజమాని చెమటలు తుడుచుకుంటుంటే ఈయన నీళ్ళతో కబుర్లాడుతున్నట్టు కూర్చునేవాడు. ఆఖరికి గోడ. తాళంచెవితో గీసేవాడు. అందరూ చూస్తుండగా నిలువుగా గీసేవాడు, అది చూసి ప్రతివాడూ నిలువుగా గీకడం నేర్చుకున్నాడు. అసలు కిటుకు అది కాదు. మోకాలెత్తున, అడ్డంగా, జానెడు. కొత్త సున్నం కింద పాత చెమ్మ ఉంటే అలా గీసినప్పుడే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. అందరూ వెళ్ళిపోయాక వెనక్కెళ్ళి గీసి వచ్చేవాడు. ఈ సంగతి నాకొక్కడికే చెప్పాడు. "ఇది నీకూ నాకూ మధ్య ఉండాలి" అన్నాడు. గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తా ఈ మాటకి.

నాకు ఆయనంటే కడుపుమంట. నవ్వకు, నిజమే చెబుతున్నా, ఈ వయసులో దాచుకుని ఏం చేసుకోను. తోడల్లుళ్ళం కదా, ఆయన మీ అమ్మమ్మని చేసుకున్నాడు, నేను ఆవిడ చెల్లెల్ని. మా అత్తగారింట్లో ఒక్కటే టేబుల్ ఫ్యాను. నేను ముందొచ్చి కూర్చుంటే నా మొహాన తిరుగుతుండేది. ఆయన గుమ్మంలో చెప్పులు విప్పాడో లేదో, మా అత్తగారు వచ్చి దాన్ని అటు తిప్పేది. నాతో మాట్లాడుతూనే తిప్పేది, చూడు! "మీరు కులాసానా బాబూ" అంటూ ఫ్యాను అటు. మా ఆవిడ మాత్రం తక్కువ తిన్నదా? బీరువా కొంటే బావగారు చూడాలి, ఇల్లు మారితే బావగారు చూడాలి. నాది సబ్బుల హోల్‌సేల్, తెలుసుగా. ఒకసారి ఒళ్ళు మండి, ఆయనకి మాటమాత్రం చెప్పకుండా ఓ గోడౌను నేనే చూసుకుని తీసుకున్నా. ఆయన అటుగా పోతూ తొంగి చూసి, నా గుమాస్తాల ముందు, ఎంతో నెమ్మదిగా, "తమ్ముడూ, ఆ పడమటి గోడకి సబ్బులు ఆనించకు, మధ్యాహ్నం కాలిపోతుంది" అన్నాడు. నేను వింటానా? అక్కడే ఆనించా. నెల తిరక్కుండా ఆ వరసంతా మెత్తబడి, ఒకదానికొకటి అతుక్కుని, గోడంత దిమ్మ కట్టింది. మా ఆవిడ ఆ దిమ్మలోంచి ముక్కలు కోసుకుని ఏడాది పొడుగునా బట్టలుతికింది. ఉతికినప్పుడల్లా "బావగారు చెప్పారుగా" అనేది. రోజూ, రోజూనే! ఆ నురగ చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. పోనీ ఆయన గొప్పలు పోయేవాడా అంటే అదీ లేదు. గొప్పలు పోయే రకమైతే హాయిగా తిట్టుకుని పడుకునేవాణ్ణి.

ఏం చెబుతున్నానూ... ఆఁ, పాత నూనె మిల్లు వెనకాల గోడౌను. బళ్ళు తెరిచే ముందు సరుకంతా ఒక్కచోట నింపుకోవాలని మీ తాతయ్య పెద్దది వెతుకుతున్నాడు. నేనూ వెతుకుతున్నా, ఆ మాట ఆయనకి చెప్పలేదు. ఆయనకంటే ముందే వెళ్ళి చూశా దాన్ని. రేకులు గట్టివి, లారీ నేరుగా గుమ్మం దాకా వస్తుంది, నేల నున్నగా ఉంది. తీసేసుకుందామనే అనుకున్నా. కానీ తాళం తీసినప్పుడు ఎక్కడో ముక్కిన వాసన, తడిగుడ్డ ఓ మూల పడేసి మర్చిపోతే వస్తుందే, అది. వెనక గోడ పొడుగునా చెక్కబల్లలు ఆనించి పెట్టారు. ఒకటి పక్కకి జరిపి చూద్దును కదా, ఆ గోడకొక్కదానికే కొత్త సున్నం. తాళంచెవి తీసి, మోకాలెత్తున, అడ్డంగా, జానెడు గీశా. పెచ్చు ఊడొచ్చింది. కింద తెల్లగా ఉప్పు పూసుంది. వెనకాల మురిక్కాలువ ఉందట, వానలకి అది పొంగితే నీళ్ళు గోడలోంచి ఊరతాయి. చెక్కబల్ల మళ్ళీ ఎలా ఉన్నది అలా పెట్టేసి, నాకొద్దని చెప్పి వచ్చేశా. ఎంత పొంగిపోయానో తెలుసా ఆ రోజు! నేనే కనిపెట్టా, ఆయన లేకుండా. ఇంటికొచ్చి మా ఆవిడతో చెబుదామనుకున్నా. చెబితే ఏమంటుంది, "అలా గీయడం బావగారే నేర్పారుగా" అంటుంది. నోరు మూసుకున్నా.

నాలుగు రోజులకి ఆయన నా కొట్టుకొచ్చాడు. జలుబు. కళ్ళు ఎర్రగా, ముక్కు ఎర్రగా, అంత ముక్కు ఎర్రబడితే ఎలా ఉంటుందో ఊహించుకో. "తమ్ముడూ, నూనె మిల్లు వెనకాల ఒకటుందట, ఇవాళ తేల్చకపోతే ఇంకెవరో తన్నుకుపోయేలా ఉన్నారు. నాకు అన్నం వాసన కూడా తెలియట్లేదు. నువ్వు రా. నీ ముక్కు కాస్త అరువియ్యి" అన్నాడు. వెళ్ళాం. నన్ను చూసి బ్రోకరు తెలియనట్టే ఊరుకున్నాడు, బేరం కుదరడం వాడికీ కావాలిగా. తాళం తీశారు. ఆయన అలవాటు కొద్దీ గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకున్నాడు, అంతలోనే గుర్తొచ్చి నవ్వి, పక్కకి జరిగి నన్ను ముందు నిలబెట్టాడు. నా భుజం మీద చెయ్యేశాడు. అదే వాసన. అదే తడిగుడ్డ. "ఏమంటావు?" అన్నాడు. "పొడిగా ఉందన్నయ్యా" అన్నా.

ఎందుకన్నానంటావా? ఫ్యాను వల్లనో, సబ్బు వల్లనో, ఏదో ఒకటి చెప్పొచ్చు. ఆయనకి నష్టం రావాలని కాదు తల్లీ. ఆయన ఒక్కసారి తప్పాలని. ఒక్కసారి. "అయ్యో, ముక్కుగారు కూడా పప్పులో కాలేశారే" అని ఎవరైనా అంటే చెవులారా వినాలని. ఆయన మాత్రం ఊరికే నమ్మేసి ఊరుకోలేదు, చీకట్లో రేకులు చూశాడు, నీళ్ళు ఒంపి చూశాడు, అన్నీ సవ్యంగానే ఉన్నాయి. వెనక గోడ దగ్గరికి నడిచి తాళంచెవి బయటికి తీశాడు కూడా. అప్పుడు మొదలయ్యాయి తుమ్ములు, ఏడో ఎనిమిదో, వరసపెట్టి. కళ్ళనీళ్ళు తుడుచుకుని "పోనీలే, నువ్వు చూశావుగా" అని చెవి జేబులో వేసేసుకున్నాడు. అక్కడే, బ్రోకరు సంచి మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాడు. సాక్షి సంతకం ఎవరిదనుకున్నావు?

ఆ ఏడు వాన ముందుగానే పట్టుకుంది. మూడు రోజులు. నాలుగో రోజు పొద్దున్నే కబురొచ్చింది, వెళ్ళా, వెళ్ళకుండా ఎలా ఉంటాను. మీ అమ్మమ్మ కొంగు నడుముకి దోపుకుని పుస్తకాల కట్టలు మోస్తోంది, మీ అమ్మ అప్పటికి ఇంత పిల్ల, అదీ రెండేసి పుస్తకాలు పట్టుకుని పరిగెడుతోంది. నేల మీద నీళ్ళు ఎక్కువేం లేవు, పాదం మునిగేంత. కానీ కాగితం తాగుతుంది కదా, కింది వరస తాగి పై వరసకిస్తుంది, అది ఆ పైదానికి. ఉబ్బిపోయి కట్టల తాళ్ళు తెగిపోయాయి. కొత్త పుస్తకం వాసన నీకిష్టమంటావే, ఆ గోడౌను నిండా కొత్త పుస్తకాలే, ఆ వాసన మటుకు లేదు. నేనూ మోశా. అందరికంటే ఎక్కువ మోశా. మధ్యలో ఆయన వెనకగోడ చెక్కబల్లలు జరుపుదామని, రెండో చివర పట్టుకోమని నన్ను పిలిచాడు. జరిపాం. గోడంతా చెమ్మకి నల్లబడిపోయింది గానీ, మోకాలెత్తున, అడ్డంగా, జానెడు, నా గీత నా గీతలాగే ఉంది.

ఆయన దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. వేలితో ఈ చివర నుంచి ఆ చివరి దాకా తడిమాడు. నా మొహం వైపు చూశాడనుకుంటావేమో, చూడలేదు. నా నడుముకి తాళంచెవుల గుత్తి వేలాడుతోంది, దాని వైపు చూశాడు. చూసి, లేచి, "ఆ చివర ఎత్తు తమ్ముడూ, నడుం జాగ్రత్త" అన్నాడు. అంతే అన్నాడు.

బజారంతా ముక్కున వేలేసుకుంది. "ముక్కుగారి ముక్కు మూసుకుపోయిందటోయ్" అని నవ్వుకున్నారు. నేను వినాలనుకున్న మాటే. విన్నా. విని ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయా. ఆయనేమో "అవును నాయనా, జలుబు చేసింది, చూసుకోలేకపోయా" అనేవాడు. నన్ను వెంటబెట్టుకెళ్ళానన్న మాట ఒక్కరికి, ఒక్కరికంటే ఒక్కరికి చెప్పలేదు. మీ అమ్మమ్మకీ చెప్పలేదు, చెప్పుంటే ఆవిడ నన్ను గడప తొక్కనిచ్చేదా? పైగా ఎవరైనా గోడౌను చూడమని వస్తే, "నాది పోయింది, మా తమ్ముడి ముక్కు మంచిది, ఆయన్ని తీసుకెళ్ళండి" అని నా దగ్గరికి పంపేవాడు. ఆ తర్వాత బతికిన ఎనిమిదేళ్ళూ అదే వరస. అలా వచ్చింది నాకీ పేరు. నువ్వు నన్ను పిలుచుకొచ్చిందీ ఆ పేరు చూసే కదా. మా అత్తగారు ఫ్యాను నా వైపు తిప్పడం మొదలెట్టింది, నమ్ముతావా? ఆయన పక్కన కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటుండేవాడు. నన్ను నలుగురిలో నిలబెట్టి తిట్టుంటే సరిపోయేది. నేను వెధవనని తేలిపోయేది, ఆయనా కోపం వచ్చే మామూలు మనిషేనని తేలిపోయేది, ఇద్దరం సమానమయ్యేవాళ్ళం. ఆ అవకాశం కూడా ఇవ్వకుండా పోయాడు మహానుభావుడు. ఇప్పటికీ తలుచుకుంటే మంటే నాకు. మనిషి పోయి ఇన్నేళ్ళయినా గెలుస్తూనే ఉన్నాడు.

ఏమిటలా చూస్తున్నావు? నీకూ ఆ ముక్కే వచ్చింది, కోపమొస్తే చివర ఎర్రబడుతోంది. సరే, అనాల్సినవన్నీ తర్వాత అందువుగాని, అదిగో బ్రోకరు వస్తున్నాడు, లే. ఇంకొక్క సంగతుంది, ఇది వాడి చెవిన పడకూడదు. నా ముక్కు పనిచేయడం మానేసి ఆరేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. కాఫీకీ కిరసనాయిలుకీ తేడా తెలియదు నాకు. ఇందాక బ్రోకరు సెంటు సంగతి కూడా నువ్వు ముక్కు చిట్లిస్తే చూసి అన్నదే. ఎవరు పిలిచినా వెళ్ళి, గోడలు గీకి, నీళ్ళు ఒంపి, గుమ్మంలో కళ్ళు మూసుకున్నట్టు నటించి ఎలాగో నెట్టుకొస్తున్నా. నీ దగ్గర అలా నెట్టుకురావడం నా వల్ల కాదు. తియ్యి తాళం. ఊఁ, నెమ్మదిగా ఎత్తు షట్టరు. గుమ్మంలో నువ్వు నిలబడు, నేను వెనక ఉంటా. భుజం మీద చెయ్యేస్తా, ఏమీ అనుకోకు, పట్టు కోసం. కళ్ళు మూసుకో. నువ్వు ఏమంటే అదే నమ్మి సాక్షి సంతకం పెడతా. చెప్పు తల్లీ, ఏమైనా వాసన తెలుస్తోందా?