ఏడు శుక్రవారాల రెడ్డెమ్మ

రెడ్డెమ్మ అని ఒకామె ఉండాదంట, మన గుండ్లమడుగు ఆడపడుచే, కువైట్లో ఒక పెద్దింట్లో వంటపని చేస్తాది. ఇద్దరు బిడ్డలు. వనజకు పదమూడేండ్లు, గిరికి తొమ్మిది. ఇద్దర్నీ తన అక్క ఈశ్వరమ్మ దగ్గర పెట్టి పోయింది. ఈశ్వరమ్మ ఇల్లు తెలుసు కదా, బడి గోడకు ఆనుకోని పొడుగాటి వసారా ఇల్లు ఉండాదే, అదే. ఆ వసారా మాట గుర్తు పెట్టుకోండి, ముందుకు పనికొస్తాది. రెడ్డెమ్మ మొగుడు బెంగళూరులో కట్టడం పనికి పోతాడు, నెలకొక తూరి వస్తాడు, మంచోడే, ఈ కథలో ఆయనకు పనిలేదు. రెడ్డెమ్మకు భయం ఎక్కువ. భయమంటే దయ్యాల భయం కాదు, బిడ్డల భయం. అక్కడ కూర ఉడుకుతాంటే ఇక్కడ బిడ్డలు తిన్నారో లేదో అని, అక్కడ గాలి లేస్తే ఇక్కడ పిల్లోడు దుప్పటి కప్పుకున్నాడో లేదో అని. నాలుగేండ్ల నుంచి అట్లనే. ఏ పని చేసినా నాలుగుసార్లు చూసుకుంటాది, ఉప్పు వేసినాక కూడా డబ్బా మూత తీసి ఉప్పేనా అని చూస్తాది అనుకో.

ఆ దేశంలో శుక్రవారం సెలవు. ఆ దినం మధ్యాహ్నం మూడు గంటలకు మన పక్క ఆడోళ్ళంతా ఒక పార్కు మెట్ల మీద చేరతారంట. మన ఊరోళ్ళే పది మంది. ఏం మాట్లాడుకుంటారనుకుంటిరి? చీరలా, నగలా? కాదు, సెల్లులు. కొత్తగా ఏ సెల్లు వచ్చింది, ఏది వేడెక్కుతాది, ఏ కంపెనీ మూత పడబోతాది, డబ్బాలో ఛార్జరు ఇయ్యడం ఎవరు మానేసినారు, ఇదీ పంచాయితీ. ఎందుకంటే వాళ్ళు బిడ్డల మొగం చూసేది దాంట్లోనే కదా. రాయచోటి నూరక్క అందర్లోకి పెద్దామె, ఆమెకు నాలుగక్షరాలు వచ్చు, వారమంతా సెల్లులో వార్తలన్నీ చదివి పెట్టుకోని శుక్రవారం చెప్తాది. ఒక తూరి చెప్పిందంట, మడత పెట్టే సెల్లు వచ్చిందే, చీర మడత పెట్టినట్ల పెట్టి జేబులో వేసుకోవచ్చు అని. రెడ్డెమ్మ అడిగిందంట, చీర అయినా మడత కాడ చిరుగుతాది కదక్కా, అది చిరగదా అని. అందరూ నవ్విరి. ఆరు నెలలకు నూరక్కే వచ్చి చెప్పింది, మడత కాడ గీత పడతాండాదంట రెడ్డెమ్మా, నువ్వే గెలిచినావు అని.

రెడ్డెమ్మకు ఒక కట్టుబాటు ఉండాది. ఏ వస్తువైనా సరే, ఏడు శుక్రవారాలు దాని గురించి వినకుండా బిడ్డలకు కొనదు. కొత్త కుండ తెస్తే మనం ఏం చేస్తాం? నీళ్ళు పోసి నానబెడతాం, పారబోస్తాం, మళ్ళీ పోస్తాం, ఆ మట్టివాసన పోయినాకే కదా తాగే నీళ్ళు పట్టేది. అట్లనే అనింది ఆమె. ఈ కట్టుబాటు ఊరికే రాలేదు. మొదటేడు ఆత్రంగా ఒక సెల్లు కొని పంపింది. దాని ఛార్జరు కాగి కాగి మంచం మీద దుప్పటికి చిల్లి పడింది. పక్కనే గిరి నిద్రపోతాండాడు. పిల్లోడికేమీ కాలేదు గాని, అది వినినాక రెడ్డెమ్మకు మూడు దినాలు ముద్ద దిగలేదు. ఆ పొద్దు నుంచి ఏడు శుక్రవారాలు. కొనుక్కున్నోళ్ళని కూర్చోబెట్టి డాక్టరు అడిగినట్ల అడుగుతాది, వాన తడిస్తే ఏమైంది, కింద పడితే ఏమైంది అని. సెల్లును చెంపకు ఆనించి పెట్టుకుంటాది, బిడ్డకు జరమా కాదా చూసినట్ల. వేడిగా ఉంటే తలకాయ అడ్డంగా ఊపి వెనక్కి ఇస్తాది.

ఇంకొక అలవాటు. బిడ్డలకు ఫోను చేసి, తిన్నారా, చదువుకున్నారా అని అడిగినాక, వనజా, ఫోను వసారాలో పెట్టి నీ పని నువ్వు చేసుకోపో అంటాది. అరగంట మాట్లాడకుండా వింటాది. చేట చప్పుడు, బిందె చప్పుడు, గిరి దగ్గు. దగ్గు వినే చెప్తాది, వాడు మళ్ళీ ఐసు తిన్నాడు అని. మెట్ల మీద ఆడోళ్ళు ఎగతాళి. ముఖ్యంగా మల్లేశ్వరి, మన పెద్దవీధి మల్లేశ్వరే, నోరు పెద్దది గాని మనసు మంచిది. ఏమ్మే, మాట్లాడేదానికి ఫోను ఇస్తే నువ్వు చెవి తోముకుంటాండావా అనేదంట.

అట్లుండగా ఏమైందంటే, పిల్లోళ్ళ వాచీ ఒకటి వచ్చింది. నూరక్క చదివి చెప్పింది, ఇది చేతికి కడితే బిడ్డ యాడుండాడో అమ్మ సెల్లులో చుక్క మాదిరి కనపడతాదంట, ఎన్ని అడుగులు నడిచినాడో కూడా లెక్క చెప్తాదంట అని. వినేటప్పటికి రెడ్డెమ్మకు ప్రాణం దానిమీదికే పోయింది. ఇట్లాంటిది కావాలనే కదా ఆమె నాలుగేండ్లుగా మొక్కుతాండాది. అయినా వేలు మడిచింది, ఒక శుక్రవారం అని. రెండో శుక్రవారానికి మల్లేశ్వరి కొనేసింది. మూడో శుక్రవారానికి మన ఊరోళ్ళు మిగిలిన ఎనిమిది మందీ కొనేసినారు. సెల్లు తెరిస్తే గుండ్లమడుగు, ఆ వీధులు, అందులో తొమ్మిది చుక్కలు. ఆడోళ్ళు ఆ చుక్కల్ని ముద్దు పెట్టుకున్నారంట, ఏం చెప్పమంటారు. నవ్వద్దు మీరు, బిడ్డను యాడాదికొక తూరి చూసేవాళ్ళకు చుక్క కూడా బిడ్డే.

నాలుగో శుక్రవారానికి అడుగుల పోటీ మొదలైంది. మావాడు పదివేలు నడిచినాడంటే మాది పన్నెండు వేలు అని. తక్కువ నడిచిన పిల్లోడికి ఇంటికి ఫోను చేసి తిట్లు, నువ్వు ఆడుకోకుండా టీవీ ముందర కూర్చున్నావు కదరా, నా వాచీ చెప్పింది అని. ఐదో శుక్రవారానికి ముందు, బుధవారం ఒక్క దినమే మల్లేశ్వరి కొడుకు ఉదయ్ పందొమ్మిది వేలు నడిచినాడు. మల్లేశ్వరి మెట్ల మీద లేసి నిలబడి అందరికీ చూపించింది, చూడండే నా కొడుకును, పోలీసులో చేరతాడు వీడు అని. రెడ్డెమ్మ సెల్లు చేతిలోకి తీసుకోని చాలాసేపు చూసి మెల్లగా అడిగింది, బుధవారం బడి ఉండె కదా మల్లేశ్వరీ, పగలంతా ఎట్ల నడిచినాడు అని. అందరి పిల్లోళ్ళకూ పద్దెనిమిది, పందొమ్మిది వేలు, అదెట్ల అని. మల్లేశ్వరికి కోపమొచ్చింది. నీకు లేదని కుళ్ళుకుంటాండావా? నా బిడ్డ యాడుండాడో నాకు తెలుసు, నీకు తెలుసా అనింది.

ఆ మాట గుచ్చుకుంది. ఇంకా గుచ్చుకున్నది ఏందంటే, ఆ సాయంత్రం వనజ కూడా అదే మాట అనింది. అందరమ్మలకు మేము యాడుండామో తెలుసమ్మా, నీ ఒక్కదానికే తెలీదు, ఏడు శుక్రవారాలు కాదు ఏడేండ్లయినా నువ్వు కొనవు అని ఫోను ఈశ్వరమ్మ చేతిలో పెట్టి లేసి పోయింది. రెడ్డెమ్మ ఆ వారమంతా మనిషి కాదు. అంగడికి పోయింది, వాచీ చేతిలో పట్టుకుంది, చెంపకు ఆనించింది, చల్లగానే ఉండాది. ఇంకెందుకు ఆగడం, నా కట్టుబాటు ఎక్కువా నా బిడ్డ ఎక్కువా అనుకుంది. మళ్ళీ ఆ దుప్పటి చిల్లి కండ్ల ముందరికొచ్చింది. కింద పెట్టేసి వచ్చింది. దారి పొడుగునా తనను తానే తిట్టుకుంటా వచ్చిందంట.

ఇంక ఆరో శుక్రవారం. అక్కడ మూడు గంటలంటే ఇక్కడ అయిదున్నర. మీకందరికీ గుర్తుండే ఉంటాది ఆ వాన, ఉరుములు, పిడుగులు, బడి ముందర మోకాటి లోతు నీళ్ళు. మెట్ల మీద మల్లేశ్వరి సెల్లు తెరిచింది. ఉదయ్ చుక్క మన ఊరి పక్క ఈతకొండ మీద ఉండాది. బడి వదిలి గంటన్నర అయింది, ఈ పిల్లోడు కొండ మీద ఎందుకుండాడు అని పక్కామెను అడిగింది. ఆమె సెల్లులో ఆమె కూతురు కూడా ఈతకొండ మీదే. తొమ్మిది చుక్కలూ ఒకేచోట, ముద్దగా. కదలడంలేదు. వాచీకి ఫోను చేస్తే మోగుతాంది, ఎవరూ ఎత్తరు. ఇండ్లకు చేస్తే ఇంకా బడి నుంచి రాలేదు, వాన కదా అంటాండారు. ఇంకేముంది, తొమ్మిది మందీ గుండెలు బాదుకున్నారు. పిడుగు పడిందని ఒకామె, వాగు పొర్లి పైకెక్కినారని ఒకామె. మల్లేశ్వరి మెట్టు మీదనే కూలబడింది. ఊర్లో మొగోళ్ళను కొండకు పంపండి అని ఫోన్లు. ఆ పిడుగుల్లో పంపితే వాళ్ళ గతేంది, అదెవురికీ తోచలేదు.

గిరి, వనజ యాడుండారో చూసుకునేదానికి రెడ్డెమ్మకు చుక్క కూడా లేదు. ఈశ్వరమ్మకు చేసింది. వనజ ఎత్తింది. అమ్మా అనింది, అంతే, ఇంకేమీ మాట్లాడదు. ఆ ఊరుకోవడంలోనే ఏదో ఉండాదని రెడ్డెమ్మకు తెలిసిపోయింది. ఇంకెవరైనా అయితే అరిచి అడిగేవాళ్ళు. ఆమె అనింది, వనజా, నువ్వేమీ చెప్పద్దులే. నీ సావాసగాళ్ళ మాట నువ్వు బయట పెట్టద్దు. ఫోను వసారాలో పెట్టి పక్కకు పో అని. పెట్టింది. రెడ్డెమ్మ వినింది. వాన చప్పుడు. ఈశ్వరమ్మ శెనగలు వేయించే చప్పుడు. ఆ మధ్యలో గిరి దగ్గు, ఇంకా పిల్లోళ్ళు. ఒకడు తొండి తొండి అని అరుస్తాండాడు, ఒక పిల్ల కిసుక్కున నవ్వుతాండాది. రెడ్డెమ్మ లేసి పోయి ఫోను మల్లేశ్వరి చెవికి ఆనించింది. మల్లేశ్వరి ఏడుపు ఆగిపోయింది. ఉదయ్ అనింది. ఆ ఒక్క మాటే. పక్కామెకు ఇచ్చింది. ఆమె విని, మా సుమతి, ఆ నవ్వు దానిదే అనింది. అట్ల చేయి నుంచి చేతికి, చెవి నుంచి చెవికి ఫోను పోయింది అనుకో, తొమ్మిది మంది తల్లులూ తొమ్మిది గొంతులూ ఏరుకున్నారు, చింతపండులో గింజలు ఏరినట్ల. ఒక్క గొంతు కూడా తప్పు పోలేదు.

మరి కొండ మీద ఉండేది ఎవరు? అని మీరు అడుగుతాండారు, వాళ్ళూ అదే అడిగిరి. అంతలో ఫోన్లో ఒక మొగ గొంతు, ఏడుస్తా. మేకల ఓబన్న. ఈశ్వరమ్మా, ఉరుముకు బెదిరి మేకలన్నీ చెదిరిపోయినాయి, ముప్పైరెండు తలకాయలు, ఒకటి కనపడలేదు, పొద్దు గూకితే నక్కలకు పోతాయి, నా పెండ్లాం బిడ్డలు ఏం తినాల అని. వసారాలో పిల్లోళ్ళు ఆట ఆపి మొగాలు మొగాలు చూసుకున్నారు. ఏమైందంటే, వాచీ మోగతాదని అయివారు బడిలోకి రానీయలేదు. ఇంట్లో పెట్టి పోదామంటే అడుగులు సున్నా, అమ్మ తిడతాది. అందుకని పొద్దున బడి ముందర పోయే ఓబన్న మందలో తొమ్మిది మేకల మెడలో కట్టి, సాయంత్రం విప్పుకుంటాండారు. ఆ పొద్దు వాన పట్టుకుంటే, మేకలు దిగేదాకా అందరూ ఈశ్వరమ్మ వసారాలో చేరినారు. ఓబన్నకు కూలి గుప్పెడు శెనగలు, వాచీ తోవ చూపిస్తాదని ఆయప్పకు తెలీదు. పందొమ్మిది వేలు నడిచింది ఎవరో ఇప్పుడు తెలిసింది కదా.

చెప్తే అందరికీ వీపు చిట్లుతాది. చెప్పకపోతే ఓబన్న నాశనమైపోతాడు. అప్పుడు వనజ ఫోను ఎత్తి అనింది, అమ్మా, మల్లేశ్వరత్తను సెల్లులో చూడమను, ఆ చుక్కలు ఓబన్న మేకలు అని. రెడ్డెమ్మ ఆ మాట మెట్ల మీద అట్లనే చెప్పింది. తర్వాత మల్లేశ్వరే కండ్లు తుడుచుకోని సెల్లు దగ్గరకు పెట్టుకోని చూసింది. అది పాముగుండు బండ కాదా? చిన్నప్పుడు నేను కట్టెలకు పోయిన చోటు, ఆ గుండు కింద గుహ మాదిరి ఉండాది, దాంట్లో దూరినాయి అనింది. ఉరుములు తగ్గినాక ఈశ్వరమ్మ ఫోను పట్టుకోని ఓబన్న, ఇంకో ఇద్దరు ఎక్కినారు. కువైట్లో మెట్ల మీద పది మంది ఆడోళ్ళు ఒక సెల్లు చుట్టూ మూగి, ఎడమకు పో అన్నా, ఆ బండ దిగద్దు జారతాది, రేగుచెట్టు దాటితే ఉండాయి అని తోవ చెప్తాండారు. అందరూ ఆ కొండ ఎరిగినోళ్ళే కదా. చుక్కలు కదిలినాయి. కదిలినాయి కదిలినాయి అని ఒకామె చప్పట్లు కొట్టింది. ముప్పైరెండూ దొరికినాయి, మేకపిల్లలతో సహా.

ఆ తర్వాత రెడ్డెమ్మ వనజను అడిగింది, నీకు ముందే తెలుసు కదా, మరి వాచీ ఎందుకు అడిగితివే అని. వనజ అనింది, మేకకు కట్టేదానికి కాదమ్మా, నేను యాడుండానో నువ్వు రోజూ చూస్తావని. రెడ్డెమ్మ ఫోను చెవికి ఇంకా దగ్గరగా ఆనించుకుంది. నువ్వు యాడుండావో నాకు వినపడతాది బిడ్డా, ఈ దినం మెట్ల మీద అందరికీ వినపడింది అనింది. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు ఎట్లుందో వనజకు కూడా వినపడే ఉంటాది.

ఏడో శుక్రవారం వచ్చింది. నూరక్క అందర్నీ ఊరుకోమని, రెడ్డెమ్మా, ఏడు అయినాయి, నీ తీర్పు చెప్పు అనింది. ఇంతకు ముందు ఎగతాళి చేసినోళ్ళంతా చెవులు పెట్టుకోని కూర్చున్నారు. రెడ్డెమ్మ లేసి కొంగు సర్దుకోని అనిందంట, వాచీ మంచిదే. వానకు తడిసినా చెడలేదు, కొండెక్కినా చెడలేదు. మేకలకు బాగా పనికొస్తాది అని. అందరికంటే గట్టిగా నవ్వింది మల్లేశ్వరే. రెడ్డెమ్మ అదే దినం పోయి ఒకటి కొని ఓబన్నకు పంపింది.

ఇప్పుడు పోయి చూడండి, ఓబన్న పెద్ద మేకపోతు మెడలో ఉండాది ఆ వాచీ, ఎర్ర పట్టీది. ఈ చుట్టుపక్కల నాలుగూళ్ళలో కువైటు వాచీ ఉండే మేక మన ఊర్లో తప్ప యాడా లేదు. దాంట్లో టైము మాత్రం ఇంకా అక్కడిదే, ఎవురికీ మార్చను రాలేదు. ఓబన్నను టైమెంతన్నా అని అడిగితే పోతును పిలిచి, మెడ పట్టుకోని చూసి, రెండున్నర గంట కలిపి చెప్తాడు. తప్పు పోయిందని ఇంతవరకు ఎవరూ అనలేదు.