గాటు పడని రేజర్

గడ్డం సామాన్ల దుకాణం అప్పుడే తెరిచారు. గాజు బల్లకు అవతల దుకాణం పెద్దాయన, ఇవతల ఆయన ముప్పై ఏళ్ల స్నేహితుడి మేనల్లుడు.

"ఈ మూడింట్లో ఏది కోయదో అది చెప్పండి బాబాయ్, చాలు."

"తొందరేంటి అల్లుడూ! షట్టర్ ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు నేను. రేజర్ అన్నాక కోయడానికే చేస్తారు. వెంట్రుకను కోస్తుందా, చర్మాన్ని కోస్తుందా అన్నదే తేడా. ఇదిగో, ముందు దీన్ని పట్టుకో. బరువు చూడు."

"బరువుగానే ఉంది."

"ఆ బరువే పని చేసిపెడుతుంది, మనం నొక్కకూడదు. పిడి, పళ్లెం, మూత, అంతే. మూడే ముక్కలు. బ్లేడు అంచు బయటికి తొంగిచూసీ చూడనట్టు ఉంటుంది. కొత్తగా మొదలెట్టేవాళ్లకి ఇదే ఇస్తాను. రెండోది చూశావా, అంచుకి దువ్వెనలా పళ్లున్నాయి. వారం రోజుల గడ్డమైనా నున్నగా గీకేస్తుంది. కానీ చెయ్యి తిరిగినవాడికే."

"మూడోది?"

"అది దర్జా మనిషి. మెడ దగ్గర తిప్పితే ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు. ఒకటి మీద పెడితే పిల్లి నాకినట్టు, తొమ్మిది మీద పెడితే పులి నాకినట్టు."

"ఒకటి మీద పెడితే గాటు పడదుగా?"

"పడదు. కానీ ఒకే చోట నాలుగుసార్లు గీయాలి. గీసేకొద్దీ బుగ్గ ఎర్రబడుతుంది."

"ఎర్రబడితే మంచిదే."

"మంచిదేంటయ్యా! మంటెత్తి చస్తారు. ఇంతకీ ఎవరికి?"

"నాకే."

"నీకా? ఛాతీ దాకా గడ్డం పెంచి, నూనె రాసి, శుభ్రంగా దువ్వుకుని వచ్చి, నాకే అంటావా?"

"తీసేద్దామనుకుంటున్నా."

"అలాగైతే ముందు కత్తెర కావాలి, రేజర్ కాదు. మీ మావయ్యని అడిగితే చెప్పేవాడుగా! అసలు ఏడీ మనిషి? రెండు ఆదివారాలైంది మొహం చూపించి. గడియారాలు బాగుచేసేవాడు, టైము తప్పితే వాడికే నామోషీ. మూడుసార్లు ఫోన్ చేశాను, మోగి మోగి ఆగిపోయింది."

"ఊళ్లో లేడు."

"నాతో చెప్పకుండానా?"

"హడావిడిగా వెళ్లాడు. మూడోది ఇచ్చేయండి. ఒకటి మీద పెట్టి ఇవ్వండి."

"ఇస్తాను. ఆ జేబులోంచి తొంగిచూస్తోందేంటి? పిడిలా ఉంది."

"ఇదా... పాతది. ఇది కోస్తోంది. అందుకే వేరేది."

"ఇలా ఇయ్యి. ఇయ్యవయ్యా, తినేస్తానా! ఓరి... ఇది నా చేత్తో ఇచ్చిందే. మీ మావయ్యది."

"ఇంట్లో వదిలేసి వెళ్లాడు."

"గడ్డం గీసుకోకుండా వీధి గుమ్మం దిగడు వాడు. రేజర్ వదిలేసి ఊరెళ్లాడా? చూడు, పిడి అడుగు తిప్పితే రెండు తలుపులు ఎలా తెరుచుకుంటున్నాయో. ఈ తలుపుల కోసమే కొన్నాడు. మూడు ముక్కలదే మేలురా అని నేనంటే, నీ దాంట్లో యంత్రం ఎక్కడుందిరా అని ముప్పై ఏళ్లుగా పోట్లాడుతూనే ఉన్నాడు... బ్లేడు ఎవరు పెట్టారు?"

"ఎవరు పెడతారు? ఆయనే."

"కాదు."

"కాదంటే?"

"మీ మావయ్య బ్లేడు మీది అక్షరాలు కిందికి వచ్చేలా పెడతాడు. మొదటిరోజు పొరపాటున పెట్టాడు. నేను నవ్వాను. ఆ మర్నాటి నుంచి ఆ పొరపాటునే పద్ధతి చేసుకున్నాడు, మొండిఘటం. ఎటు పెట్టినా ఒకటేరా అన్నా వినడు. దీంట్లో అక్షరాలు పైకున్నాయి."

"నేనే పెట్టానులెండి. నాకు తెలీదు ఇదంతా."

"ఈ తెల్ల వెంట్రుకలు కూడా నీవేనా?"

"ఆ రేజర్ ఇటిచ్చేయండి బాబాయ్."

"నిన్నే. నీ గడ్డం నల్లగా నిగనిగలాడుతోంది. ఇవెవరివి?"

"సరే. ఊళ్లోనే ఉన్నాడు. ఒంట్లో బాలేదు, నేనే గీస్తున్నాను. చాలా?"

"చాలదు. ఏమైంది? డాక్టరు చూశాడా?"

"చూశాడు. అదే, చూస్తానన్నాడు. మావయ్యే వద్దన్నాడు."

"వద్దన్నాడంటే మాట్లాడుతున్నాడన్నమాట. ఫోన్ కలుపు, నాతో మాట్లాడించు."

"ఇప్పుడు కాదు బాబాయ్. పదకొండింటికి రిజిస్ట్రేషన్ ఆఫీసాయన ఇంటికొస్తాడు. మావయ్య ఇల్లు నా పేరున రాస్తున్నాడు. మంచం దగ్గరే వేలిముద్ర, ఒక ఫోటో. మనిషి మనవాడే, గుమ్మంలోంచే చూసి వెళ్లిపోతాడు. ఫోటోలో మొహం శుభ్రంగా ఉండాలి, అంతే."

"వేలిముద్రా! వెంట్రుకంత స్ప్రింగుని పట్టి ఆడించే చెయ్యిరా అది. సంతకం ముత్యంలా ఉంటుంది. వేలిముద్ర దేనికి?"

"చెయ్యి... లేవట్లేదు."

"పోయిన నెల ఇదే స్టూలు మీద కూర్చున్నాడు. గదిలో పెట్టి తాళం వేసినా ఇల్లు రాయనురా అన్నాడు. రెండు వారాలు నేను రాకపోతే నువ్వే వచ్చి చూడు అన్నాడు. నవ్వులాటకి అన్నాడనుకున్నా. నేనూ నవ్వాను. బుద్ధిలేనివాణ్ని, రేజర్లు తుడుచుకుంటూ కూర్చున్నాను."

"ముసలాయన చాదస్తం, మీరూ పట్టించుకుంటారా!"

"తాళం వేశావా?"

"వేశాను. అంటే... ఎవరూ లోపలికి రాకుండా."

"గాట్లు ఎక్కడ పడ్డాయి?"

"బుగ్గ మీద ఒకటి. దవడ కింద ఒకటి, కొంచెం పెద్దది."

"అరిచాడా?"

"లేదు."

"మొహం తిప్పుకున్నాడా? చెయ్యి అడ్డం పెట్టాడా?"

"లేదండీ, కదలడు."

"కట్టేశావా వాణ్ని?"

"అయ్యో, కట్టెయ్యడమేంటి బాబాయ్! నేనలాంటివాణ్నా? దిండు కింద దిండు పెట్టి కూర్చోబెట్టాను. చొక్కా మార్చాను. తల దువ్వాను. అన్నీ చేశాను నేను."

"నిద్రమాత్రలు ఇచ్చావా?"

"ఒట్టు, ఏమీ ఇవ్వలేదు. నేనేమీ చెయ్యలేదు. నిన్న పొద్దున్నే వెళ్లి చూసేసరికి... అలాగే ఉన్నాడు. పడుకునే ఉన్నాడు."

"రక్తం ఆగిందా?"

"గాటు కనపడుతోంది, అదీ గొడవ. పటిక రుద్దాను. మూసుకోవట్లేదు. పౌడరు రాస్తే ఫోటోలో తెలుస్తుందంటారా?"

"జరుగు."

"ఎక్కడికి?"

"షట్టర్ దించాలి. రేజర్ అమ్మను నీకు. నేనే వస్తాను, నేనే గీస్తాను. వాడి రేజర్‌తోనే గీస్తాను, అక్షరాలు కిందికి పెట్టి. వాడు కళ్లు తెరిచి నన్ను చూశాక, ఆఫీసాయన సంగతి అప్పుడు మాట్లాడదాం."

"వద్దు బాబాయ్. మీరు రావద్దు. గదిలో ఏసీ బాగా పెంచి ఉంచాను, మీకు పడదు."

"జబ్బుమనిషి గదిలో ఏసీ ఏంటిరా!"

"ఉండాలి. ఆపకూడదు."

"తెలివితక్కువవాడా, అందుకే కోస్తోంది! రేజర్‌ది కాదు తప్పు. చలికి చర్మం బిగుసుకుపోయింది. ఆ మూడు రేజర్లూ మార్చి మార్చి గీసినా ఇంతే. వేడినీళ్లలో గుడ్డ ముంచి, పిండి, ఐదు నిమిషాలు బుగ్గ మీద వెయ్యాలి. చర్మం వెచ్చబడుతుంది, మెత్తబడుతుంది. అప్పుడు ఏ రేజరైనా వెన్న మీద జారినట్టు జారుతుంది. మీ మావయ్యకి నేను మొదట నేర్పింది అదే. ఈ మాత్రం కూడా చెయ్యలేదా నువ్వు?"

"చేశాను బాబాయ్. నిన్న పొద్దుటి నుంచి చేస్తూనే ఉన్నాను. ఎన్ని వేడి గుడ్డలు వేసినా ఆ బుగ్గ వెచ్చబడట్లేదు."