ఎర్రగుడ్డ కట్టిన గడ

కాళ్ళు ముడుచుకుని సరిగా కూర్చోండి. మన చెరువులో పిచికల బావి వైపు ఎవరూ దిగరు, గొడ్లను కూడా తోలరు, ఎందుకో తెలుసా? అక్కడ దెయ్యం ఉందని మీ అమ్మలు చెప్పి ఉంటారు. ఉంది. అది ఎట్లా వచ్చిందో మాత్రం చెప్పి ఉండరు.

ఎండాకాలం చెరువు ఎండితే ఆ పాత బావి బయటపడుతుంది, రాళ్ళ సందుల్లో పిచికలు గూళ్ళు పెడతాయి, అందుకే ఆ పేరు. వానలు పడి చెరువు నిండిందంటే బావి నోరు నీళ్ళ కిందికి పోతుంది. చుట్టూ మోకాటి లోతే, ఒక్క అడుగు అటు వేస్తే కాలికి నేల అందదు. అందుకని మన పెద్దలు కట్టుబాటు పెట్టారు. కొత్తనీరు రాగానే నీరుగంటి, అంటే తూము తెరిచి పొలాలకు నీళ్ళు వదిలే మనిషి, వెదురు గడకు ఎర్రగుడ్డ కట్టి బావి అంచున నాటాలి. నాటాక దాన్ని ఎవరూ ముట్టకూడదు. వాకిట్లో చెంబు వదలని దొంగలు కూడా ఆ గడ జోలికి పోలేదు.

అట్లా ఉండగా పట్నం మనిషి ఎవరో గట్టు పక్క చేను కౌలుకు తీసుకుని క్యాంపింగ్ అని బోర్డు పెట్టాడు. శని ఆదివారాలు పట్నం పిల్లలు వచ్చి గుడారాలు వేసుకుని, కోళ్ళు కాల్చుకుని తిని పోయేవాళ్ళు. గోడలున్న ఇళ్ళు వదిలి గుడ్డ కింద పడుకోవడం ఏం సుఖమో నాకు తెలియదు. ఏం రా, నవ్వుతావు? నవ్వు, చివరిదాకా నవ్వితే చూద్దాం.

ఒక శనివారం నలుగురు స్నేహితులు వచ్చారు. వాళ్ళలో సుధీంద్ర అనేవాడికి తాగుడు అలవాటు లేదట, నీళ్ళంటే భయమట, అది మాకు తర్వాత తెలిసింది. కార్తికేయ అని ఇంకొకడు, పెత్తనమంతా వాడిది. మన నీరుగంటి ఓబులేసు పోయి, బాబూ, ఆ ఎర్రగుడ్డకు ఇవతలే ఉండండి, అవతల బావి ఉంది అని చెప్పాడు, నలుగురూ తలలూపారు.

మర్నాడు పొద్దున్నే అరుపులు వినపడి ఊరంతా పరిగెత్తాం. సుధీంద్ర బావిలో పడ్డాడు. పైకి తీసేసరికి ప్రాణం లేదు. గడ దాని చోట అది నిలబడే ఉంది. రాత్రంతా తాగాడు, వద్దన్నా వినకుండా గడ దాటి పోయాడు అని ముగ్గురూ ఒకే మాట చెప్పారు, పోలీసులూ అదే అనుకున్నారు, మేమూ నమ్మాం.

ఇక ఆ మర్నాటి నుంచి మొదలైంది. గడ బావి దగ్గర ఉండేది కాదు, వాళ్ళు గుడారం వేసిన చోట గట్టు మీద పడి ఉండేది. ఓబులేసు మళ్ళీ నాటేవాడు, తెల్లారి చూస్తే మళ్ళీ గట్టు మీదే. కోతి వెధవల పని అని ఊళ్ళో పిల్లలందరినీ తిట్టాడు, పిల్లల పని అయితే కదా? క్యాంపింగ్ మనిషి కూడా భయపడి బోర్డు పీకేసుకుని పోయాడు.

పెద్దకర్మ అయ్యాక సుధీంద్ర తల్లి వచ్చింది, రాజ్యలక్ష్మమ్మ అని, వెంట కార్తికేయను తీసుకుని. మా చుట్టాలు కర్మ భోజనం తింటూనే తాగుబోతు కొడుకు అన్నారయ్యా, నా బిడ్డ తాగాడా, మీరెవరైనా చూశారా అని ఒక్కొక్కరినీ అడిగింది. చూడనిది ఏం చెప్తాం? పొద్దు వాలుతోంది, అందరం గట్టు మీద నిలబడి ఉన్నాం. అప్పుడు గడ కదిలింది. గాలి లేదు. గుంజ వదులు చేసేవాడు అటూ ఇటూ ఊపినట్టు ఊగింది, పైకి లేచింది, నిలువుగానే ఒడ్డుకు నడిచి వచ్చింది, ముందు నీళ్ళు రెండు మోకాళ్ళకు చీలినట్టు చీలాయి. వచ్చి వాళ్ళు గుడారం గుంజ పాతిన గుంటలో నిలబడింది.

ఆ తల్లి అరవలేదు. కార్తికేయ వైపు తిరిగి, దీన్ని ఎవరు పీకారు నాయనా అని అడిగింది.

వాడు, గుడారానికి ఒక గుంజ తక్కువైంది ఆంటీ అన్నాడు. సుధీంద్ర ఊళ్ళోకి పోయినప్పుడు పీకారట. పొద్దున వాడు గిన్నె కడగడానికి నీళ్ళలో దిగి, ఒరే ఎర్రగుడ్డ ఏదిరా అని అడిగితే, నీ మొలకు కట్టుకున్నావేమో చూసుకో అని నవ్వారట. వాడు వెనక్కి తిరిగి నవ్వాడట, ఇంకో అడుగు వేశాడట. మేము రాకముందే గడ తీసుకుపోయి యథాస్థానంలో గుచ్చారట.

ఈ మాటే పోలీసుల దగ్గర చెప్పు నాయనా, నీ మీద పగ లేదు, నా బిడ్డ పేరు బాగుపడితే చాలు అని ఆమె రెండు చేతులూ జోడించింది. చనిపోయినవాడి తల్లి దండం పెట్టింది, వినండి. రేపు తప్పకుండా చెప్తా ఆంటీ అన్నాడు. తెల్లవారకముందే బస్సెక్కి పోయాడు. చెప్పలేదు. మిగతా ఇద్దరూ చెప్పలేదు. ఆమే పోయి చెబితే, గడ నడిచిందా అమ్మా, ఇంటికి పోయి పడుకో అన్నారట. మేము పోయి చెప్పినా అదే మాట. ఆమె ఆ బెంగతోనే పోయింది.

ఓబులేసు గడ నాటడం మానేశాడు, నాటి ఏం లాభం, సుధీంద్ర ఉండనివ్వడు కదా. ఇప్పుడు నీళ్ళు నిండితే ఆ బావి ఎక్కడుందో మాకే తెలియదు. అటు పోకండి. పోయే తీరతాం అంటారా, గుంజలు మీ ఇంటి నుంచే తీసుకుపోండి.