ఒట్టు మానేసిన బాబాయ్

పాత కుట్టుమిషన్ల కొట్టు. ముసలాయన పీట మీద, ఆయన ఇల్లాలు తెర వెనక వంటింట్లో, కొనవచ్చిన అమ్మాయి గడప దగ్గర, ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

"అది వద్దమ్మాయ్. దాని జోలికి పోకు."

"ఎందుకు వద్దు? కొట్టు మొత్తానికి ఇదొక్కటే అద్దంలా మెరుస్తోంది."

"మెరవదూ మరి? నిన్ననేగా రంగు పూశాను. లోపల కొక్కెం అరిగిపోయింది. నాలుగు కుట్లు వేసి అయిదోది ఎగ్గొడుతుంది."

"అమ్మే మనిషే వద్దంటున్నారంటే... ఎవరికోసం దాచారు బాబాయ్‌గారూ?"

"ఎవరికోసమూ కాదు. ముక్కలు పీకి మిగతావాటికి వాడదామని."

"పీకేదానికి రంగెందుకూ?"

"రంగు పూశాక విప్పి చూశాను. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేశాక నాడి పట్టుకున్నట్టు. నా బుద్ధి అంతే."

"బాగానే అల్లుతున్నారు. సరే, మరి ఏది కొనమంటారు?"

"అదిగో, మూలనున్న నల్లది."

"అదా! దాని మొహం చూస్తే సూది కూడా దిగడానికి భయపడేలా ఉంది."

"మొహం అంతే. పని మాత్రం బంగారం. రా, కూర్చుని తొక్కి చూడు."

"తొక్కితే బాగానే కుడుతుంది లెండి. మీ కొట్లో అన్నీ కోయిలలేనట, ఇంటికి తీసికెళ్ళాకే కాకులు. లోపల అరిగిన చోట అగ్గిపుల్ల ముక్క బిగించి పంపేవారటగా, పది రోజులు తిరిగేసరికి రాలిపోయేట్టు?"

"ఎవరు చెప్పారు?"

"చెప్పనివాళ్ళెవరు? అబద్ధమా?"

"కాదు."

"కాదా!"

"నిజమే. బిగించేవాణ్ణి."

"ఏవండోయ్! వచ్చినవాళ్ళకల్లా ఆ చరిత్రంతా విప్పాలా?"

"అడిగిందే, ఏం చెయ్యను?"

"అడిగితే? దగ్గొచ్చినట్టు కాస్త దగ్గలేరూ? ఆయన మాటలు పట్టించుకోకమ్మా. లోపలికి రా, కూర్చో. బయట ఎండలో నిలబెట్టిన బండి నీదేనా? అందులో ఎవరో ఉన్నట్టున్నారు, మంచినీళ్ళన్నా ఇవ్వనీ."

"మా తాలూకే. వద్దులెండి పిన్నిగారూ. ముందు బేరం తెగనివ్వండి."

"దాహానికీ బేరానికీ సంబంధమేంటమ్మా?"

"ఉంది లెండి. బాబాయ్‌గారూ, మీ పేరు కూడా విన్నాను. ఒట్ల బాబాయ్ అంటారటగా?"

"అంటారు."

"అనరూ మరి? ఈయన వేసిన ఒట్లు మూటగడితే రైలుపెట్టె చాలదు తల్లీ. సూది మీద ఒట్టు, సూర్యుడి మీద ఒట్టు, ఎదురుగా పిల్లి కనపడితే దాని మీద ఒట్టు. ఇక మా అత్తగారి మీదైతే లెక్కే లేదు. ఆవిడ లోపల మంచమ్మీద నుంచి కేకేసేది, 'నాయనా, ఇవాళ్టికి నన్ను చంపడం అయిందా, లేచి భోంచెయ్యనా?' అని."

"నా ఒట్లకి ఆవిడ ఇంకా గట్టిపడింది గానీ చెక్కు చెదిరిందా? తొంభై దాటాక కూడా దారం పళ్ళతోనే కొరికేది. ఒకసారి దారమనుకుని సైకిలు తీగ కొరికింది. తెగింది! ఆ సైకిలాయన ఇప్పటికీ..."

"మొదలెట్టారూ!"

"మంచిదే బాబాయ్‌గారూ. అంత అలవాటున్న మనిషికి ఇంకొకటి బరువా? ఆ నల్ల మిషన్ మీద ఒక్క ఒట్టు పెట్టండి. మారు మాట్లాడకుండా కొనుక్కుపోతాను."

"పెట్టను."

"ఏం?"

"మానేశాను."

"చుట్ట మానేస్తారు, సారా మానేస్తారు. ఒట్టు మానెయ్యడమేంటి?"

"అదే నా ఖర్మమ్మా! చర్చిలో అయ్యగారు ప్రతి ఆదివారం, ఇంట్లో ఎలా ఉండాలి, వీధిలో ఎలా ఉండాలి, అని ఒక పాఠం చెప్తారు. అందరూ వింటారు, బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ మర్చిపోతారు. ఈయనకి మాత్రం ఇదొక్కటి అంటుకుంది. అంతకు ముందు వారం, పెళ్ళాం మీద అరవకూడదని చెప్పారు. అది అంటలేదు."

"అరిచానా నేను? అరిచానా?"

"ఇప్పుడు చేస్తున్నదేంటి మరి?"

"ఇంతకీ ఏం చెప్పారట అయ్యగారు?"

"ప్రభువు అసలు ఒట్టే వద్దన్నాడమ్మాయ్. అవునంటే అవునవ్వాలి, కాదంటే కాదవ్వాలి, మధ్యలో సాక్షులెందుకు అన్నాడు. ఒట్టు లేకపోతే నిలబడని మాటకి అప్పటికే ఒక కాలు కుంటి అని అయ్యగారన్నారు. నాకు కాలే కాదు, నడుం కూడా విరిగినట్టయింది."

"అందరూ బాగానే చెప్తారు. నాకు తోచింది చెప్పనా? ఆ మిషన్లో ఏదో ఉంది. నిజం చెప్పే మనిషికి ఒట్టంటే భయమెందుకు?"

"నిజం చెప్పాల్సినప్పుడు నేనెప్పుడూ ఒట్టు పెట్టలేదమ్మాయ్. అబద్ధమైతేనే నోటికి తన్నుకొచ్చేది."

"ఇదొక ఎత్తు. ఒట్లు పాతబడ్డాయని, ఇప్పుడు ఒట్టు లేకపోవడమే ఒట్టుగా చూపిస్తున్నారు."

"చూశారా! చూశారా! ఇదే మాట మొన్న కొనడానికొచ్చిన ఆ టోపీ ఆయనా అన్నాడు, అంతకు ముందు ఆ టీచరమ్మా అంది. ఒట్లు వేసినన్నాళ్ళూ ఎగబడి కొన్నారు, నిజం చెప్తుంటే పారిపోతున్నారు. కొట్లో ఈగలు తప్ప గడప తొక్కేవాళ్ళు లేరు. ఒక్కటి వెయ్యండి. ఒకే ఒక్కటి, చిన్నది."

"ఒట్టులో చిన్నా పెద్దా ఉంటాయిటే?"

"పోనీ నేనేస్తా. నేను మానెయ్యలేదుగా!"

"నువ్వూ వెయ్యకు."

"ప్రార్థనలో కళ్ళు మూసుకున్నప్పుడు వేద్దాం, పోనీ."

"కళ్ళు మూసుకునేది మనమే గానీ ఆయన కాదు."

"పిన్నిగారూ, వదిలెయ్యండి. నా సంగతి వినండి. ఆసుపత్రి వాళ్ళు తెరలూ, దిండు గలేబులూ కుట్టే పని ఇస్తామన్నారు. సోమవారం నమూనా చూపించాలి. ఒక్క కుట్టు జారినా ఆ పని ఇంకొకరికి పోతుంది. మా ఇంట్లో సంపాదించే చెయ్యి ఇదొక్కటే. అందుకే అడుగుతున్నా, నాకు ఆటలు కాదు."

"నాకూ కాదు. నల్లది తీసికెళ్ళు. సోమవారం కాదు, నువ్వు ముసలిదానివయ్యేదాకా కుట్టు జారదు. విప్పి చూపించమంటే చూపిస్తా."

"విప్పితే నాకేం తెలుస్తుంది? పేగులు చూసి రోగం చెప్పడానికి నేనేమన్నా డాక్టర్నా? నాకు కావలసింది మాట."

"మాటే ఇచ్చానుగా."

"ఆ మాటే ఒకావిడకి ఇచ్చారు, మా వీధిలో. మొగుడు పోయాక చెవులవి అమ్ముకుని మీ దగ్గర మిషన్ కొంది. 'మా అమ్మ తోడు, నీ కూతురి పెళ్ళిబట్టలు కూడా దీనిమీదే కుడతావు' అన్నారట."

"అనే ఉంటాను."

"మొట్టమొదట వచ్చిన పని పెళ్ళిగౌను. పెళ్ళికూతురు నడిచొచ్చి మోకరించిందో లేదో, నడుం దగ్గర్నుంచి కిందిదాకా కుట్టు టరటరా విడిపోయింది. పాడేవాళ్ళు పాట ఆపేశారు. అయ్యగారు పైకప్పు చూశారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఆ తర్వాత ఆవిడ చేతికి రుమాలు గుడ్డ కూడా ఎవరూ ఇవ్వలేదు. ఇళ్ళల్లో అంట్లు తోముకుని పిల్లని పెంచింది."

"ఏవండీ? ఏమిటలా అయిపోయారు? నీళ్ళు కావాలా?"

"ఆ మిషన్ని... ఏం చేసిందమ్మాయ్ ఆవిడ?"

"పాతసామాన్ల వాడి బండిలోకి విసిరేసింది. అదంతా మీకెందుకు? చివరిసారి అడుగుతున్నా. ఒట్టు పెడతారా, నన్ను వెళ్ళమంటారా? ఒక్క మాట. మీ అమ్మగారు ఎలాగూ పోయారు, ఆవిడకి కొత్తగా వచ్చే నష్టం కూడా లేదు."

"ఏవండీ, మీకు దణ్ణం పెడతాను."

"పెట్టను. అంతేకాదు, నువ్వు కొనే ముందు ఇంకో మాట చెప్పాలి. చెప్తే కొనవు."

"అయితే చెప్పకండి! ఆ పిల్ల అడగలేదుగా!"

"అడగలేదని ఊరుకుంటే అదీ ఒక అగ్గిపుల్లేనే. పైకి కనపడదు, అంతే."

"చెప్పండి, వింటున్నా. నాకు ముందే తెలుసు దాంట్లో ఏదో ఉందని."

"ఉంది. ఆ నల్లది ఒకసారి నేనమ్మిందే. అగ్గిపుల్ల బిగించి, మా అమ్మ మీద ఒట్టేసి. ఒట్లు మానేశాక అలాంటివన్నీ వెతుక్కుంటూ తిరిగాను. ఇది పాతసామాన్ల కొట్లో సైకిలు చక్రాల కింద దొరికింది. లోపల కొక్కెం కొత్తది వేశాను, ఇదిగో ఈ వంటింటి తెర దాంతో కుట్టిందే. నేనమ్మినవాటిల్లో పాతసామాన్లలోకి పోయింది ఇదొక్కటే. నువ్వు చెప్పిన ఆ పెళ్ళిగౌను... ఆ గౌను కుట్టింది అదే. ఇప్పుడు బాగా కుడుతుంది. కుడుతుందంటే కుడుతుంది. కానీ రోజూ మీ వీధిలో ఆవిడ మొహం చూసే పిల్లవి, దాన్ని నీ ఇంట్లో ఎలా పెట్టుకుంటావు?"

"అయిపోయింది! కొట్టు తాళం ఎక్కడుందో వెతుక్కోండి ఇక. నేను పుట్టింటికెళ్ళి..."

"పిన్నిగారూ, ఉండండి. బాబాయ్‌గారూ, ఆ మిషన్‌ని ఇటు తిప్పండి."

"ఎందుకమ్మాయ్?"

"తిప్పండి. సొరుగు లాగండి. లోపల అడుగున గోటితో గీసిన బొమ్మ... చెరిపేశారా?"

"లేదు. చెక్కకి పురుగు తొలిచిన రంధ్రాలు పూడ్చాను గానీ దాన్ని ముట్టుకోలేదు. ఎవరో పిల్ల గీసినట్టుంది. పిల్లి బొమ్మ."

"పిల్లి కాదు. గుర్రం."

"నీకెలా... అమ్మాయ్? నువ్వు ఆవిడ..."

"గుర్రమే. కాళ్ళు గియ్యడం అప్పటికి రాలేదు."

"అయ్యో తల్లీ! ఏడవకు. ఏవండీ, ఆ పీట ఇటివ్వండి. అమ్మాయ్, వెళ్ళిపోతున్నావా? ఆగు, గుమ్మంలో నిలబడి ఎవర్ని పిలుస్తున్నావ్?"

"అమ్మా! బండి దిగి లోపలికి రా! ఒట్లు మానేశారన్నది నిజమే. ఎంత అడిగినా వెయ్యలేదు!"