శుక్రవారం పాట

1939. పాలమూరు దగ్గరి ఓ మిషన్ దవాఖాన. నిరుడు వియన్నా నుంచి పారిపోయి వచ్చి, ఇక్కడి మాట నేర్చుకున్న యూదు డాక్టరమ్మ, నర్సు సాలమ్మ వరండాలో కూర్చొని కట్టుగుడ్డలు చుడుతున్నారు. రేపే గుడ్ ఫ్రైడే.

“సాలమ్మా, రేపు పిల్లలు పాడే పాటల ‘యూదులే ప్రభువును చంపిండ్రు’ అనే మాట తీసేపియ్యవా?”

“అదేంది డాక్టరమ్మా! గది పాత ముచ్చట. మిమ్ముల అన్నట్టా?”

“గా మాటే అనుకుంట వియన్నాల మా అమ్మతోని మోకాళ్ల మీద రోడ్డు కడిగిపిచ్చిండ్రు. నిలబడి నవ్వినోళ్లు మా పక్కింటోళ్లే.”

“దొర గడి ముందర మా అవ్వతోని గట్లనే ఊడ్పిచ్చిండ్రు... మీ అమ్మ ఇప్పుడేడున్నది?”

“ఉత్తరం రాక నాలుగు నెలలాయె. పాట ఆపియ్యి సాలమ్మా, నీ కాళ్లు మొక్కుత.”

“అయ్యో, మీరు గట్ల అనకుండ్రి! ఇరవై ఏండ్ల సంది ఊరూరు తిరిగి గా పాట నేర్పింది నేనే. ఇప్పుడు ఎంతమంది నోట్లకెళ్లి తియ్యాలె?”