పాత ఫోల్డరులో అమ్మ

పెరంబూరు ఇంట్లో కంప్యూటరు ముందు మనవరాలు కొయ్యబారిపోయింది. పక్కన కూర్చున్న అవ్వ తెరవైపు వంగింది.

"ఏందే, మీ అమ్మ మాటలు వినిపించమంటే అట్లా చూస్తుండావు?"

"లేవవ్వా. పోయినాయి."

"ఎట్లా పోతాయి? నిన్న విన్నాం గదా."

"జావా అనే కంప్యూటరు భాషలో నేను రాసిన మన ఇంటి సైటును నడిపేది సర్వరనే ప్రోగ్రాము. ఇందాక ఆ సైటునే మార్చి దాంట్లో కొత్తగా పెట్టినా. అది పాత ఫోల్డరంతా తుడిచేసి కొత్తది పరిచింది. అమ్మ రికార్డింగులు ఆ పాత దాంట్లోనే ఉండె. నేను వేరేచోట పెట్టుండాల."

"ఫోన్లో?"

"సైట్లో భద్రమని ఫోన్లోవి తీసేసినా."



"ఇల్లు పడగొట్టేవాళ్లు లోపల మనుషులున్నారేమో చూసుకోరా, తల్లీ?"

"నేనే చూసుకోలేదు. నువ్వన్నా నీ కూతురితో మాట్లాడినావు. నాకు ఊహ తెలియకముందే పోయింది. నాకు అమ్మంటే ఆ గొంతొక్కటే, అవ్వా."